శనివారం నాటి ప్రస్థానం

స్టీరింగు కుడికి తిప్పాను. కారు కుడికి తిరగలేదు.

ఈ రెండు ముక్కలూ ఇప్పటికి ఓ ముప్పై మందికి చెప్పి ఉంటాను. ఒక్కరూ మొదటిసారికి నమ్మలేదు. "తిప్పితే తిరక్కపోడమేటి?" అంటారు. నేనూ అదే అడుగుతున్నాను. ఎవర్ని అడగాలో తెలియక నన్ను నేనే అడుక్కుంటున్నాను.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నర దాటింది. నౌపడ దాటి భావనపాడు వైపు వెళ్తున్నాను. రోడ్డుకి రెండు పక్కలా ఉప్పు మళ్ళు. ముందు ఉప్పు బస్తాల ట్రాక్టరొకటి పెళ్ళి ఊరేగింపులా పోతోంది. దాన్ని దాటే చోటు లేక, ఇరవై స్పీడులో, తిట్టుకుంటూ దాని వెనకే నడుపుతున్నాను. బళ్ళో ప్రార్థన తొమ్మిదికి. ఆలస్యమైతే మా హెడ్మాస్టరు గడియారం వంక చూసి, నా వంక చూసి, మళ్ళీ గడియారం వంక చూస్తారు. ఏమీ అనరు. ఏదో ఒకటి అనేస్తే నాకు సుఖంగా ఉంటుంది.

రోడ్డు కొంచెం వంపు తిరిగే చోట స్టీరింగు తిప్పాను. కింద ఏదో టంగుమని ఊడింది. కుడి చక్రం నేను చెప్పిన వైపే వెళ్ళింది. ఎడమ చక్రం మాత్రం దాని ఇష్టం వచ్చిన వైపు పోయింది. బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. కారు గట్టు దిగి, ముందు చక్రాలు రెండూ ఉప్పు మడిలో పెట్టి ఆగింది.

దెబ్బలేమీ తగల్లేదు. కానీ కారు ఆగిపోయాక కూడా నేను స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని కుడికి తిప్పుతూనే ఉన్నాను. ఎందుకు తిప్పుతున్నానో నాకే తెలియదు.

మడిలో ఉప్పు లాగుతున్న ఒకావిడ పార కింద పడేసి పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది. పేరు సూరమ్మట, తర్వాత తెలిసింది.

"ఓలమ్మా, ఏటైపోనాదమ్మా? దెబ్బలేటైనా తగిల్నాయేటి? ఆ సక్రం వొగ్గీసి ముందు దిగు తల్లీ, దిగు" అని నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి దింపింది. తన సీసాలో నీళ్ళు తాగించింది.

ఈలోగా ట్రాక్టరు డ్రైవరు వచ్చాడు. చేపల ఆటో అతను వచ్చాడు. మోటారు సైకిళ్ళ మీద ఇద్దరొచ్చారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న.

"డ్రైవరేడీ?"

"నేనే" అన్నాను.

"అది కాదమ్మా, బండి నడిపినోడు?"

"నేనేనయ్యా నడిపినోణ్ణి!"

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అక్కడితో వాళ్ళకి అంతా అర్థమైపోయింది, నాకు తప్ప. ఒకాయన బ్రేకు బదులు ఎక్సలేటరు తొక్కీసినారన్నాడు. ఇంకొకాయన ఫోను మాట్లాడతన్నారేటని అడిగాడు. మూడో ఆయన వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి గొయ్యి కోసం వెతికాడు, దొరక్కపోతే నిరుత్సాహపడ్డాడు.

"గొయ్యీ లేదు, గాడిద గుడ్డూ లేదు" అంది సూరమ్మ. "నాను కళ్ళారా సూసినాను. ఆయమ్మ నెమ్మదిగానే వొత్తన్నాది. ఎడం పక్క సక్రమే ఎటో ఎల్లిపోనాది."

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా పట్టించుకోలేదు. ఇంతమంది మగవాళ్ళు ఇన్ని రకాలుగా చెప్తుంటే, ఇందులో ఏదో ఒకటి నేను చేసే ఉంటానని అప్పటికే అనుమానం మొదలైంది.

మా ఆయన గౌరీశంకర్‌కి కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. ఫోన్ చేశాను.

"ఏటి చేశావు?" అన్నారు.

ఏమైంది అనలేదు. ఏటి చేశావు అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"నేనేం చెయ్యలేదు. కారే చేసింది."

"కారెలా చేస్తాది నీలిమా?"

మొన్న శనివారమే ఆ కారుకి సర్వీసు చేయించాం. స్టీరింగు దగ్గర ఏవో అరిగిపోయాయంటే అవి కూడా కొత్తవి వేయించాం. బాగుచేయించిన రెండో రోజుకి, బాగుచేయించిన చోటే ఎందుకు పాడవుతుంది? పాడైతే పాతది పాడవ్వాలి గాని!

గంటన్నరకి ఆయన వచ్చారు. కూడా మా మెకానిక్కు దానయ్య, కారుని లాక్కెళ్ళడానికి ఒక ట్రక్కు. ఆయన నన్ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చెయ్యే నా చెయ్యి కన్నా చల్లగా ఉంది. కారు ఉప్పు మడిలోంచి పైకి వచ్చాక తాళం తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు.

"కొన్నాళ్ళు బస్సులో వెళ్దువుగానిలే" అన్నారు.

ఆ మాట నాకు కారు గట్టు దిగినప్పటి కంటే ఎక్కువ దడ పుట్టించింది. రెండేళ్ళ క్రితం నన్ను ఈ బడికి బదిలీ చేశారు. మొదటి ఏడాది కాశీబుగ్గ నుంచి టెక్కలికి బస్సు, టెక్కలి నుంచి నౌపడకి ఆటో, అక్కణ్ణుంచి ఏది దొరికితే అది. ఆరుకి ఇల్లు వదిలితే రాత్రి ఏడున్నరకి మళ్ళీ ఇల్లు చూసేదాన్ని. మోకాళ్ళు వాచిపోయి, రాజీనామా కాగితం కూడా రాసేసుకున్నాను. ఇవ్వబోయే ముందు ఆఖరి ప్రయత్నంగా, నలభై ఒకటో ఏట, డ్రైవింగు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ తాళం పోతే ఉద్యోగం పోయినట్టే. ఆయన "కొన్నాళ్ళు" అన్నారు గాని, మా ఇంట్లో కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో నాకు తెలుసు. నా కుట్టు మిషను కొన్నాళ్ళకని మా ఆడపడుచు పట్టుకెళ్ళి తొమ్మిదేళ్ళయింది.

ట్రక్కులో ముందు ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. టెక్కలి దాటుతుండగా మా అత్తగారు గౌరీశ్వరి ఫోన్ చేశారు. ముందు ఏడ్చారు. తర్వాత ఏడుపు ఆపి అసలు సంగతి చెప్పారు.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. పతీ సోమవారం సరిగ్గా అందులోనే బయల్దేరతావు. వద్దంటే వింటావేటి?"

"బడే రాహుకాలంలో పెట్టారత్తయ్యా, నేనేం చెయ్యను?"

"అయితే ఆ బడి మానీ."

ఫోను పెట్టేశాను. రాహుకాలం సంగతి ఎలా ఉన్నా, నా మనసులో వేరే పురుగు తొలుస్తోంది. ఆదివారం సాయంత్రం కూరలకని బజారుకి వెళ్ళినప్పుడు, తిప్పిన ప్రతిసారీ ఎడమ వైపు టక్కు టక్కుమని చప్పుడు వినిపించింది. ఆయనకి చెప్పాను. "కొత్త సామాను కదా, సర్దుకోడానికి టైం పడతాది" అన్నారు. సరే కాబోసు అనుకున్నాను. చప్పుడు విన్నదాన్ని నేను. సరే అనుకున్నదాన్నీ నేనే. అయితే తప్పు నాదా? విననివాడిది కాక విన్నదానిదా? ఎటు నుంచి ఆలోచించినా చివరికి వచ్చి నా దగ్గరే ఆగుతోంది. అలా ఆగడం నాకు నచ్చడం లేదు.

దానయ్యా, అతని బావ సన్యాసీ కలిసి కాశీబుగ్గలో షెడ్డు నడుపుతున్నారు. షెడ్డు మధ్యలో మనిషి నిలబడేంత లోతు గుంత. దాని మీద కారు నిలబెట్టి, వాళ్ళు కిందనుంచి పని చేస్తారు. షెడ్డు ముందు మురుగు కాలవ, దాని మీద ఒక పెద్ద బండ, బండ దాటితే రోడ్డు, రోడ్డుకి అవతల టీ కొట్టు.

కారుని గుంత మీదకి తోశారు. దానయ్య టార్చి పట్టుకుని దిగాడు.

"ఏటి దానయ్యా?" అన్నారు మా ఆయన.

"బాబూ, నట్టు లేదు."

"ఏ నట్టు?"

దానయ్య పైకి వచ్చి రెండు పిడికిళ్ళు కలిపి చూపించాడు. స్టీరింగు తిప్పితే చక్రాన్ని లాగే కడ్డీ ఒకటి ఉంటుంది. దాని చివర కీలు. ఆ కీలుని చక్రానికి పట్టి ఉంచేది ఒక నట్టు, ఆ నట్టు ఊడకుండా అడ్డంగా ఒక సన్నటి పిన్ను. ఎడమ వైపు రెండూ లేవు.

"బిగించకపోతే మొన్ననే ఊడిపోవాలి కదా?" అన్నాను. నాలోని సైన్సు టీచరు ఊరుకోలేదు.

"ఆ కీలు సూదిమొనలాగుంటాదమ్మా. కన్నంలో బిగుసుకుని ఓ రెండు రోజులు కూకుంటాది. నట్టు అలగ అలగ తిరిగి, ఎప్పుడో రాలిపోతాది. అప్పుడింక సెప్పకుండా ఊడిపోతాది."

"మరి నువ్వు బిగించలేదా?"

అతను నా మొహం చూడలేదు. మళ్ళీ గుంతలోకి దిగి, మమ్మల్ని వంగి చూడమన్నాడు. దానయ్యకి ఒక పద్ధతి ఉంది. బిగించిన ప్రతి నట్టు మీదా వాళ్ళావిడ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెడతాడు. చుక్క సగం నట్టు మీద, సగం పక్కనున్న ఇనుము మీద పడాలి. నట్టు రాలిపోయినా ఇనుము మీద సగం చుక్క మిగలాలి. కుడి వైపు చుక్క ఉంది. ఎడమ వైపు ఇనుము మీద మరకైనా లేదు.

"అంటే నాను బిగించనేలేదు" అన్నాడు దానయ్య. "ఇరవై రెండేళ్ళ పనిలో ఇలగెప్పుడూ అవ్వలేదు. ఎలగ మర్సిపోనానో నాకే తెల్డం లేదు. తప్పు నాదేనమ్మా."

నేను పొద్దుటినుంచి ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. తప్పు నాదే అని ఎవరో ఒకరు అంటే చాలు, హాయిగా తిట్టుకుని ఇంటికి పోవచ్చు. తీరా దొరికాక తిట్టు నోట్లోంచి రాలేదు. మర్చిపోయే మనిషైతే గోళ్ళరంగు ఎందుకు పెట్టుకుంటాడు?

సన్యాసి చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"నువ్వు మర్సిపోడమేటి బావా? ఆ సైజు పిన్ను లేదని బజారుకెల్లినావు. నట్టు సేత్తో తిప్పి వొగ్గీసి, వొచ్చి బిగిత్తానన్నావు. నాను అన్నానికెల్లిపోనాను."

"ఎల్లినాను. నానొచ్చీసరికి బండి టీ కొట్టు కాడున్నాది. నీ కాడే ఎక్కడో పిన్ను దొరికుంటాది, నువ్వే బిగించి బయటెట్టీసినావనుకున్నాను."

"నానెక్కడ బయటెట్టినాను! అన్నం తినొచ్చి సూత్తే అప్పటికే అవతలున్నాది. నువ్వే తీసినావనుకున్నాను."

ఇద్దరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ షెడ్డు సంప్రదాయం తెలిస్తే గాని అర్థం కాదు. పని కాని బండి కాలవ మీది బండ దాటదు. బండ దాటి అవతలికి వెళ్ళిందంటే బిగించాల్సినవన్నీ బిగించినట్టే. ఇక దాన్ని గురించి ఒకర్నొకరు అడుక్కోరు. అడిగితే నీ పని మీద నాకు నమ్మకం లేదన్నట్టు ఉంటుందని, ఆ బావలిద్దరూ ఇరవై రెండేళ్ళుగా అడుక్కోకుండానే బతుకుతున్నారు.

"మరి ఎవరు తీశారు?" అన్నాను. "తాళం ఎక్కడ పెట్టారు?"

"ఇదిగో, ఈ మేకుకేనమ్మా. నాను ఎల్లినప్పుడూ ఇక్కడే ఉన్నాది, వొచ్చినప్పుడూ ఇక్కడే ఉన్నాది."

మా కారుకి రెండు తాళాలు. ఒకటి మేకుకి ఉంటే రెండోది ఎక్కడుంటుంది? నేను మెల్లగా వెనక్కి తిరిగాను. మా ఆయన తన చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"నేనే తీశాను" అన్నారు.

టీ కొట్లో పాలు పొంగిన చప్పుడు కూడా వినిపించింది.

"ఒంటిగంటా ఇరవైకి వర్జ్యం వచ్చేస్తాది" అని మొదలుపెట్టారు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. "మూడింటి దాకా మంచిది కాదు. ఒంటిగంటకి వచ్చి చూశాను. ఇద్దరూ లేరు. బండి కింద ఎవరూ లేరు, నాలుగు చక్రాలూ ఉన్నాయి. అందుకని అవతలికి పెట్టాను. అంతే. పది గజాలు."

"అవతలికి ఎందుకు?"

"ప్రస్థానం" అన్నారు.

ఇది తెలియనివాళ్ళకి చెప్పాలి. మంచి గడియలో బయల్దేరడం కుదరకపోతే, ఆ గడియలో ఒక సంచో గొడుగో తీసుకెళ్ళి పొరుగింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. మనిషి తర్వాత తీరిగ్గా వెళ్ళొచ్చు, దోషం ఉండదు. మా అత్తగారింట్లో ఈ పద్ధతి ఇంకా నిక్షేపంగా ఉంది. నన్ను పెళ్ళిచూపులు చూడ్డానికి వచ్చే ముందు మా ఆయన రుమాలు రెండు రోజులు ఎదురింట్లో ఉందట. సంచికీ గొడుగుకీ రుమాలుకీ చేస్తే ఎవరికీ నష్టం లేదు. ఈయన గుంత మీదున్న కారుకి చేశారు!

"చేసినవారు వీళ్ళకో మాట చెప్పొద్దూ?"

"ప్రస్థానం పెట్టి ఎవరైనా చాటింపు వేస్తారా? మూడున్నరకి వచ్చి, అయిపోయిందా అని అడిగాను. అయిపోయింది బాబూ అన్నారు."

"అన్నాం" అన్నాడు దానయ్య.

"అన్నాం" అన్నాడు సన్యాసి.

ముగ్గురూ నిజమే చెప్తున్నారు. ముగ్గురు బుద్ధిమంతులు, ముగ్గురూ పద్ధతి తప్పనివాళ్ళు, ముగ్గురూ కలిసి నా కింద నుంచి ఒక నట్టు తీసేశారు. ఇందులో ఎవర్ని తిట్టాలి?

"అసలు ఎందుకండీ ఇదంతా?" అన్నాను.

"నీ కోసమే" అన్నారు. "పతీ సోమవారం రాహుకాలంలో వెళ్తావు. బడికి చేరాక నువ్వు ఫోన్ చేసేదాకా నాకు షాపులో కాలు నిలవదు. కొత్త సామాను వేయించాక మొదటి కదలికైనా మంచి గడియలో జరిగితే, నీకేం కాదని..."

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. మొహం రంగు మారింది.

"నిన్న అమ్మని ఎక్కించుకుని టెక్కలి వెళ్ళొచ్చాను" అన్నారు. "హైవే మీద. లారీల మధ్య. ఎనభైలో."

పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయారు. సన్యాసి నీళ్ళు తెచ్చిచ్చాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వేయాలో, చొక్కా పట్టుకుని కుదిపేయాలో తెలియలేదు. రెండూ చేయాలనిపించింది. నాకోసం ఇంత భయపడే మనిషి ఉన్నాడని సంతోషించాలా? ఆ భయమే నన్ను ఉప్పు మడిలో పడేసినందుకు ఏడవాలా? పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఇంత ప్రేమ, ఇంత కోపం ఒకేసారి రాలేదు.

దానయ్య సాయంత్రం నాలుగింటి దాకా పని చేశాడు. కొత్త కీలు, కొత్త నట్టు, కొత్త పిన్ను. అయిపోయాక మా ఆయన్ని పిలవలేదు. "అమ్మా, మీరు దిగి సూడాల" అన్నాడు. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి గుంతలోకి దిగాను. అతను స్పానరు నా చేతికిచ్చి, బలం కొద్దీ లాగమన్నాడు. లాగాను. నట్టు కదల్లేదు. రెండో వైపు కూడా లాగాను. అదీ కదల్లేదు. పొద్దుటినుంచి నాకు ఖాయంగా తెలిసిన విషయం అదొక్కటే.

పైకి వచ్చేసరికి మా ఆయన కారు పక్కన నిలబడి ఉన్నారు.

"నేను నడుపుతాను. నువ్వు పక్కన కూర్చో" అన్నారు. "రేపట్నుంచి ఓ నెల్లాళ్ళు బస్సులో వెళ్ళు."

"కారు బాగానే ఉందిగా?"

"ఉంది."

"నేనేం తప్పు చెయ్యలేదుగా?"

"చెయ్యలేదు. కానీ నాకు భయంగా ఉంది నీలిమా. నీకేమైనా అయ్యుంటే..."

"నాకూ భయంగానే ఉంది" అన్నాను. అబద్ధం కాదు. కళ్ళు మూసుకుంటే ఆ ఎడమ చక్రం కనిపిస్తోంది. "కానీ బస్సెక్కితే నెల్లాళ్ళకి దిగుతానని నాకు నమ్మకం లేదు. మీరు నన్ను కాపాడబోయే కదండీ ఇదంతా అయింది? ఇంక నన్ను కాపాడకండి. తాళం ఇవ్వండి."

దానయ్య, సన్యాసి ఇద్దరూ ఒక్కసారిగా షెడ్డు వెనక్కి వెళ్ళిపోయారు, అక్కడేదో పనున్నట్టు.

నేను చెయ్యి చాపాను. ఆ చేతికి ఇంకా గ్రీజు అంటుకునే ఉంది. ఆయన దాని వంక చూశారు. ఆయనకి నామీద ఎంత ప్రేముందో నాకు తెలుసు గనక, ఇవ్వననే అంటారనుకున్నాను. అంటే బాగుండునని, ఏడుస్తూనైనా సరే బస్సెక్కేస్తానని, ఒక్క క్షణం మనసారా కోరుకున్నాను కూడా.

ఆయన జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టేశారు.